కోర్టు లేచేదాకా

మొన్న రేపల్లె కోర్టులో నా కేసు పిలిచిన గొంతు నాకు నచ్చలేదు. ముద్దాయి పేరు మూడుసార్లు పిలవాలి కదా, కొత్త అటెండరు మూడూ కలిపి ఒకే గుక్కలో, బస్సు కండక్టరు ఊళ్ళ పేర్లు అరిచినట్టు అరిచేసి లోపలికి వెళ్ళిపోయాడు. నా ముద్దాయి గుమ్మం పక్కనే నిలబడి ఉండి కూడా, పిలిచింది తనను కాదనుకున్నాడు. పాత అటెండరు ఎలా ఉన్నాడని బెంచి గుమాస్తాను అడిగాను. "మీకు తెలీదా సార్? పోయిన గురువారం పోయాడండి," అన్నాడాయన ఫైలు మీంచి తలెత్తకుండానే. రిటైరై మూడేళ్ళయిందట, రెండు నెలలుగా మంచంలోనే ఉన్నాడట.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ కోర్టులో దొంగకూ దొరకూ పేరు పెట్టి మూడుసార్లు పిలుపు దక్కింది గానీ, పిలిచిన మనిషిని పేరుతో పిలిచినవాళ్ళు లేరు. అందరికీ అటెండరే. నేనైతే "ఏమయ్యా" అనేవాణ్ణి. మా నాన్న వయసు మనిషిని, నాలుగేళ్ళ ప్రాక్టీసు గీరతో, నోరారా "నువ్వు" అనేవాణ్ణి. ఇప్పుడు పేరు రాసి గౌరవించానంటే అది దొంగ మర్యాదే అవుతుంది.

నా ప్రాక్టీసు సంగతి కూడా చెప్పుకోవాలి. ఎనభైల మధ్యలో తెనాలిలో ఒక పెద్ద ప్లీడరుగారి దగ్గర జూనియర్ని. జూనియరు పనల్లా సోమవారం రేపల్లె వెళ్ళి వాయిదా అడగడం, బుధవారం బాపట్ల వెళ్ళి వాయిదా అడగడం. ఆ నాలుగేళ్ళలో కోర్టుల్లో నేను ధైర్యంగా పలికిన ఇంగ్లీషు వాక్యం ఒక్కటే, మా సీనియరుగారికి ఒంట్లో బాగాలేదని. ఆయన గుండ్రాయిలా ఉండేవారు. అయినా నల్లకోటు వేసుకుని తెనాలి స్టేషన్లో రేపల్లె ప్యాసింజరు ఎక్కుతుంటే, బండి నాకోసమే ఆగిందనుకునేవాణ్ణి.

అటెండరును మొదటిసారి గమనించింది అలాంటి ఒక సోమవారమే. అమృతలూరు వైపు నుంచి వచ్చిన కూలిమనిషి ఒకాయన నా ముద్దాయి. కాలవ నీళ్ళ దగ్గర కొట్లాట. ఆ రోజు బోనులో నిలబెట్టి, నీ మీద ఉన్న నేరం ఇదీ, ఒప్పుకుంటావా లేదా అని అడిగే రోజు. "లేదండి" అనమని రైలు దిగినప్పటి నుంచీ పదిసార్లు చెప్పాను. పదిసార్లూ తల ఊపి, మళ్ళీ ఏమనాలండీ అని అడిగాడు. అటెండరు వచ్చి, నన్ను పక్కకు జరిపి, ఆ మనిషి భుజం మీది తువ్వాలు తీసి, దాంతోనే అతని మొహం తుడిచాడు. చొక్కా గుండీలు పెట్టాడు. వేళ్ళతోనే తల దువ్వాడు. వరండా స్తంభం పక్కన నిలబెట్టి, మూడడుగులు వెనక్కి వేసి, అచ్చం మేజిస్ట్రేటు గారి గొంతుతో అడిగాడు. "నేరం ఒప్పుకుంటున్నావా?"

కూలిమనిషి ఆ రోజు నీళ్ళ వంతు ఎవరిదో మొదలుపెట్టాడు. అటెండరు చూపుడువేలు ఎత్తాడు.

"బాబాయ్, ఆయన నీళ్ళ సంగతి అడగలా. ఒక్క మాట అడిగాడు, నువ్వూ ఒక్క మాట చెప్పు. రెండో మాట కాణ్ణించీ నీ మీద నువ్వే సాక్ష్యం చెప్పుకున్నట్టు."

నాలుగుసార్లు అడిగాడు. అయిదోసారికి ఆ మనిషి గొంతులోంచి "లేదండి" అన్నమాట ఎక్కడా తొణక్కుండా వచ్చింది. లోపల కూడా అలాగే చెప్పి బయటికొచ్చాడు. ఆ రోజు నేను చేసిన పని అతని తువ్వాలు పట్టుకుని నిలబడటం.

ఆయన ఎవరికీ ఏం చెప్పాలో చెప్పేవాడు కాదు. "ఏం చెప్పాలో మీ ప్లీడరుగారు చెప్తారు, ఎట్టా చెప్పాలో నేను చెప్తా," అనేవాడు. లేదనేవాళ్ళకు ఒక రకం పాఠం, ఒప్పుకునేవాళ్ళకు ఇంకో రకం. చిల్లర కేసుల వాళ్ళు చాలామంది ఒప్పుకునేవాళ్ళు: పేకాట, వీధిలో గొడవ, దీపం లేకుండా సైకిలు తొక్కడం. వాళ్ళతో, తల వంచుకో గానీ నడుం వంచకు అనేవాడు. "తప్పు చేశావు, అంతే. మనిషివి కాకుండా పోలా." మేజిస్ట్రేటు గారు అలాంటివాళ్ళలో కొందరికి కోర్టు లేచేదాకా కూర్చోమని శిక్ష వేసేవారు. సాయంత్రం ఆయన బెంచి దిగేవరకూ కదలకుండా కూర్చోవడమే జైలన్నమాట. లోపల చోటు లేక, గుమ్మం పక్కనే వరండా చివర ఉన్న చెక్కబల్ల మీద కూర్చోబెట్టేవాళ్ళు. వాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చేది ఈయనే, మధ్యాహ్నం తన క్యారేజీలో ముద్ద పెట్టేదీ ఈయనే. "కోర్టు లేచేదాకా మా చుట్టాలండి," అనేవాడు నాతో.

ఆయన క్రైస్తవుడు, లూథరన్ గుడికి వెళ్ళేవాడు. ఆదివారం పాటల్లో ఆ గొంతు గుడి బయటికి వినిపించేదని చెప్పుకునేవాళ్ళు. ఒకసారి నేను వెటకారంగా, రోజూ ఇంతమందికి అబద్ధాలు నేర్పుతున్నావు, ఆదివారం దేవుడికి ఏం చెప్తావయ్యా అన్నాను. ఆయనకు కోపం రాలేదు. "గుళ్ళో పాపాల ఒప్పుకోలు అందరం కలిసి గట్టిగా చెప్తామండి. ఊరంతా కలిసి ఒప్పుకోవటం తేలిక. ఒక్కడే నుంచుని ఒప్పుకోవటం చూడాలంటే ఇక్కడికే రావాలి," అన్నాడు. నేను నవ్వాను. తెలివైన జూనియర్ని కదా, ఆ మాట ఎక్కడికి వచ్చి తగులుతుందో నాకేం తెలుసు.

ఆ ఏడు చివర్లో రైలు నా హోదాకు చాలదనిపించి ఒక పాత స్కూటరు కొన్నాను. దానికి హారన్ బ్రహ్మాండంగా మోగేది, ముందు దీపం మాత్రం వెలిగేది కాదు. మెకానిక్కు చెబుతూనే ఉన్నాను, ఆయనకూ వాయిదాలు అలవాటే. ఒక సోమవారం పొద్దుగూకే వేళ రేపల్లె దాటి, కాలవగట్టు మీద తెనాలి దారి పట్టాను. ఏపీపీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన రోజులవి. సర్కారు తరఫు ప్లీడర్నయితే ముద్దాయిల్ని ఎలా గుక్క తిప్పుకోకుండా చేస్తానో మనసులో వాదించుకుంటూ, చేతులు కూడా ఊపుతున్నానేమో, ముందు పోతున్న సైకిలును వెనకనుంచి గుద్దాను.

సైకిలుకు డైనమో దీపం వెలుగుతూనే ఉంది. చక్రం ఆగాక ఆరిపోయింది. కింద పడ్డ మనిషిని లేపబోతే మా అటెండరే. కుడికాలు మోకాలి కింద పక్కకు తిరిగిపోయి ఉంది. "నెమ్మది సార్," అన్నాడు. నా కంగారు చూసి నాకే ధైర్యం చెప్పాడు. రిక్షాలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అంతవరకూ మనిషిలాగే ప్రవర్తించాను. డాక్టరుగారు ఎలా జరిగిందని అడిగారు. దారిన పోతూ, పడి ఉంటే చూసి తీసుకొచ్చానని చెప్పాను. బల్ల మీద పడుకున్న ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. నా వంక చూసి, మెల్లగా చూపు పైకప్పు వంక తిప్పుకున్నాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మర్నాడే స్కూటరును నందివెలుగులో మా మేనమామ గడ్డివాము వెనక దాచాను. వారం తిరక్కుండా పోలీసులు పగిలిన దీపం అద్దంతో సహా దాన్ని పట్టుకున్నారు. దాచకపోయి ఉంటే ఎవరికీ అనుమానం వచ్చేది కాదని ఇన్‌స్పెక్టరే నవ్వుతూ చెప్పాడు. దెబ్బ తిన్నవాడు ఆ కోర్టు మనిషి కాబట్టి, అక్కడ విచారణ బాగుండదని కేసు బాపట్ల కోర్టుకు మార్చారు.

మా సీనియరుగారు, తోటి ప్లీడర్లు అందరూ ఒకటే మాట. ఒప్పుకున్నావో, శిక్ష పడిన మనిషివవుతావు, ఇక ఏపీపీ ఉద్యోగం ఆశ వదులుకో. లేదను. సాక్ష్యంలో చూసుకుందాం. నాకూ అదే కావాలి. కాకపోతే అటెండరు మొహం చూడాలంటే భయం. కాలికి కట్టుతో ఉన్న మనిషిని ఒక్కసారైనా వెళ్ళి చూడలేదు, కేసు నడుస్తుండగా సాక్షిని కలవకూడదు కదా అని చట్టం అడ్డం పెట్టుకున్నాను. చదువు అందుకైనా పనికొచ్చింది.

బాపట్లలో నన్ను అడిగే రోజు వచ్చింది. అక్కడ నిలబడి నా పేరు మూడుసార్లు వినడం ఎలా ఉంటుందో చెప్పలేను. బోనెక్కి చూద్దును కదా, వెనక బల్ల మీద చంకకర్ర పక్కన పెట్టుకుని ఆయన కూర్చుని ఉన్నాడు. ఆ రోజు సాక్షులతో పని లేదు, రమ్మని ఎవరూ పిలవలేదు. నేరం చదివారు. ఫలానా సాయంత్రం, దీపం లేని స్కూటరును అజాగ్రత్తగా నడిపి, ఒక మనిషి కాలు విరగడానికి కారకులయ్యారు, ఒప్పుకుంటున్నారా?

"లేదండి," అన్నాను. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను. ఆ రోడ్డు వెడల్పెంత, ఆ సమయానికి వెలుతురెంత అని ఎత్తుకుని, ఒక పాత తీర్పు కూడా ఉదహరించబోయాను. మేజిస్ట్రేటు గారు కలం కింద పెట్టి, "ప్లీడరుగారూ, ప్రస్తుతానికి మీరు ముద్దాయి," అన్నారు. కోర్టు కోర్టంతా నవ్వింది. నవ్వనిది వెనక బల్ల మీద ఆయన ఒక్కడే.

బయట టీకొట్టు దగ్గర ఆయనే నన్ను పిలిచాడు. టీ సాసర్లో సగం పోసి గ్లాసు నాకిచ్చాడు. ఇన్నేళ్ళు నేర్పాను గానీ మన కోర్టు తప్ప వేరే కోర్టులో ఎలా అడుగుతారో చూడలేదు, అందుకని సెలవు పెట్టి వచ్చానన్నాడు. తర్వాత, పిల్లాడి పరీక్ష పోయిందని బాధపడే మేష్టారిలా, "లేదండి దగ్గర ఆపాల్సింది సార్. మా కోర్టుకొచ్చిన కోళ్ళదొంగ మీకంటే శుభ్రంగా చెప్పాడు," అన్నాడు. కాలు ఎలా ఉందని అప్పుడైనా అడగాల్సింది. బస్సెప్పుడని అడిగాను.

ఆరునెలలకు సాక్ష్యం. చూశామన్న ఇద్దరూ ఊళ్ళో లేకుండా పోయారు. మిగిలింది ఆయన. దేవుని ఎదుట ప్రమాణం చేసి, చేతులు కిందికి వదిలి, తల కొంచెం వంచి నిలబడ్డాడు. మిమ్మల్ని గుద్దింది ఎవరు అని ఏపీపీ అడిగాడు.

"చూళ్ళేదండి."

అంతే. ఇంకో మాట కలపలేదు. ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా అదే మాట, అదే గొంతు. కేసు కొట్టేశారు. ఆ సాయంత్రం తెనాలిలో మిత్రులందరికీ పెసరట్టు ఉప్మా పెట్టించి, గెలుపులో నా తెలివి పాలు ఎంతో వివరించాను. బాపట్లలో బయల్దేరేముందు కోర్టు ఆవరణలో ఆయన్ని ఒక్క ప్రశ్న అడిగిన సంగతి మాత్రం వాళ్ళకు చెప్పలేదు. ఎందుకలా చెప్పావు అని అడిగాను. "మీరక్కడ నుంచుని లేదన్నారు. నేనిక్కడ నుంచుని అవునంటే, ఇద్దర్లో ఒకరు అబద్ధాలకోరు అవ్వాలి గదండి. ఎందుకులే అని," అన్నాడు. అబద్ధాలకోరు కావడం నాకు అలవాటే గానీ ఆయనకు కాదన్న సంగతి నాకప్పుడు తట్టలేదు. ఇంతా చేసి కాపాడుకున్న ఆ ఉద్యోగం, ఇంటర్వ్యూలో అడిగిన రెండో ప్రశ్నకే పోయింది.

ఏడాది గడిచింది. ఒకరోజు రేపల్లె రైల్లో బెంచి గుమాస్తా నా ఎదురుగా కూర్చున్నాడు. ఆయనదీ అదే గుడి. మాటల్లో, మా అటెండరుకు ఏం పట్టిందో గానీ ప్రభు సంస్కారం తీసుకోవడం మానేశాడు సార్ అన్నాడు. గుడికొస్తాడు, పాటలు పాడతాడు, ఒప్పుకోలు అందరితో పాటు చెప్తాడు, తీరా రొట్టె, ద్రాక్షరసం కోసం బల్ల దగ్గరికి రమ్మనేసరికి కూర్చున్నచోటు నుంచి లేవడు, తప్పు దాచుకున్నవాళ్ళే అలా ఆగేది. పాదిరిగారు అడిగితే, "నా మీద ఒక మాట ఉందండి," అన్నాడట. కాలు నొప్పేమో అనుకుంటున్నాం అన్నాడు గుమాస్తా. బండి జంపని స్టేషన్లో ఆగింది. ఆ ఒక్క మాట ఏమిటో ఆ పెట్టెలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. సిగ్గేసింది, చాలా సిగ్గేసింది.

రైలు దిగి తిన్నగా కోర్టుకు వెళ్ళాను. ఆయన కుంటుకుంటూ ఎవరికో పాఠం చెప్పి లోపలికి పంపి, స్టూలు మీద కూర్చున్నాడు. అప్పటికి ఎక్కువసేపు నిలబడలేకపోతున్నాడని మేజిస్ట్రేటు గారే స్టూలు వేయించారు. నేను వెళ్ళి స్తంభం పక్కన నిలబడ్డాను. కోటు విప్పి చేతి మీద వేసుకున్నాను.

"నన్ను కూడా ఒకసారి అడగండి," అన్నాను. ఆయన్ని "అండి" అనడం నా జీవితంలో అదే మొదలు.

ఆయన స్తంభం పట్టుకుని లేచాడు. వరండాలో ఎవరూ లేరు. వేళాకోళం కాదని తెలిసినట్టుంది, గొంతు మార్చాడు.

"నేరం ఒప్పుకుంటున్నావా?"

"ఒప్పుకుంటున్నానండి," అన్నాను. వెంటనే, ఆ రోజు దీపం సంగతేంటంటే అని మొదలుపెట్టబోయాను. ఆయన వేలు ఎత్తాడు. నోరు మూసుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే తల వంచుకున్నాను గానీ, ఆయన నేర్పినట్టు నడుం నిటారుగా ఉందో లేదో గుర్తులేదు.

"కోర్టు లేచేదాకా అక్కడ కూచో," అన్నాడు.

చెక్కబల్ల మీద కూర్చున్నాను. మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఆయన నన్ను "నువ్వు" అన్నందుకు నాకెంత హాయిగా ఉందో! సాయంత్రం దాకా కూర్చుంటాను, ఆయన క్యారేజీలో ముద్ద తింటాను, చుట్టాన్నవుతాను అనుకున్నాను. పది నిమిషాలు గడిచాయో లేదో, గుంటూరులో ఎవరో పేరున్న ప్లీడరుగారు పోయారని కబురొచ్చింది. లాయర్లంతా లోపలికెళ్ళి రెండు నిమిషాలు నిలబడ్డారు, సంతాపంగా ఆ రోజుకు కోర్టు మూసేశారు. ఆయన కుంటుకుంటూ నా దగ్గరికొచ్చి, "లేచిందండి కోర్టు. ఇక వెళ్ళండి సార్," అన్నాడు.

"పది నిమిషాలేగా అయింది," అన్నాను, చిన్నబుచ్చుకుని.

"నేనేం చేసేదండి, మీ అదృష్టం," అని నవ్వాడు. మళ్ళీ సార్నయిపోయాను. శిక్షలో కూడా వాయిదా దొరికిన మొదటి ముద్దాయిని నేనే అయ్యుంటాను.

మరుసటి నెలలో ఆయన గుళ్ళో మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళాడని గుమాస్తా చెప్పాడు. దానికీ నాకూ సంబంధం ఉందో లేదో ఆయన ఎప్పుడూ అనలేదు. ఉందని చెప్పుకు తిరిగే హక్కు నాకు లేదు. ఆ తర్వాత ఆయన సర్వీసులో ఉన్నన్నాళ్ళూ నేను రేపల్లె వెళ్ళినప్పుడల్లా ఆయన్ని "ఏమండీ" అనే పిలిచాను. రిటైరయ్యాక ఇంటికి వెళ్ళి ఒకసారి చూసిరావాలనుకుంటూనే ఉన్నాను.

మొన్న, ఆయన పోయాడని విన్నాక, అక్కడి లాయర్ల పెద్ద దగ్గరికి వెళ్ళి, రెండు నిమిషాలు నిలబడదామా అన్నాను. ఆయన మంచివాడే. "అటెండర్లకు ఆ ఆనవాయితీ లేదు కదండీ. రేపు ఇంకొకళ్ళకీ అడుగుతారు," అన్నాడు. నేను గట్టిగా వాదించి ఉండవచ్చు, వాదించలేదు. నా కేసు పదకొండున్నరకే వాయిదా పడింది. తెనాలి బండి పన్నెండుకు.

వెళ్ళి చెక్కబల్ల మీద కూర్చున్నాను. ఒంటిగంటయింది, ఆకలేసింది. మూడింటికి ఎండ కాళ్ళ మీదికొచ్చింది. కొత్త అటెండరు లోపలికీ బయటికీ తిరుగుతూ మూడుసార్లూ ఒకే గుక్కలో పిలుస్తూనే ఉన్నాడు. పోయినాయన కోసం ఎవరూ లేవలేదు కాబట్టి కోర్టు పూర్తిగా నడిచింది. నాలుగింటికి ఆ అటెండరుకు అనుమానం వచ్చి దగ్గరికొచ్చాడు.

"పొద్దుట్నించీ కూచున్నారు. ఎవరికోసమైనా చూస్తున్నారా సార్?"

"లేదండి," అన్నాను. ఇంకో మాట కలపలేదు.

అయిదూ పదికి కోర్టు లేచింది.